ముద్ర పడిన అర్జీ: చిలీ దేశపు ఒక పత్రభాండారము

తెలుగు పంతులు కావలెననియో, తెలుగు వాచకములు సకాలమున అందలేదనియో సర్కారువారికి అర్జీ వ్రాసి యెఱుగని తల్లిదండ్రులు మన సంఘములలో అరుదు. ఆ పనిలో తల నెరసిన పెద్దలు క్రొత్తవారికి మొట్టమొదట నేర్పు పాఠ మొకటి కలదు. అర్జీ ఎంత చక్కగా వ్రాసితిమన్నది తరువాతి మాట. దాని నకలు మీద కచేరీవారి ముద్ర, తేదీ, సంతకము వేయించుకొని ఇంటికి తెచ్చితిమా లేదా అన్నది ముందటి మాట. జవాబు రాకపోవచ్చును. వచ్చినను "వీలుపడదు" అని రావచ్చును. కాని ఫలానా నాడు ఫలానా సంగతి మేము మీకు తెలియజేసితిమి, మాకు తెలియదని మీరిక అనజాలరు అని చెప్పుటకు ఆ ముద్ర యొక్కటే ఆధారము.

బడి విషయమున ఇది చిన్న జాగ్రత్తయే. అయితే ఒక దేశమున పరిపాలకులే మనుష్యులను పట్టుకొనిపోయి, పట్టుకొనిపోలేదని బొంకుచున్నప్పుడు, న్యాయస్థానములు ఆ బొంకునకు తలయూపుచున్నప్పుడు, పత్రికలు నోరు మూసికొనియున్నప్పుడు ఈ చిన్న జాగ్రత్త ఏపాటి పని చేయగలదు? దానికి ఏపాటి వెల చెల్లింపవలసి వచ్చును? ఈ రెండు ప్రశ్నలకును దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు చరిత్రలో సమాధానము కలదు. ఆ చరిత్రలో ఒక బడి గుమ్మము కూడ కనబడును. అందువలననే మన పాఠశాల సంచికకు దీనిని ఎన్నుకొంటిని.

చిలీ పసిఫిక్ మహాసముద్రమునకును ఆండీస్ పర్వతములకును నడుమ సన్నని పట్టీవలె సాగిన దేశము. ఎన్నికలును, శాసనసభయును, న్యాయస్థానములును చిరకాలముగా నడచుచున్న దేశమని దానికి పేరు. 1973 సెప్టెంబరు 11వ తేదీన సైన్యము తిరుగబడి, ప్రజలెన్నుకొనిన అధ్యక్షుడు సాల్వడార్ అయెందే ఉన్న భవనముపై విమానములతో బాంబులు కురిపించెను. ఆ దినముననే ఆయన ఆ భవనములో మరణించెను. త్రివిధ దళాధిపతులును, కారబినేరోలనబడు జాతీయ పోలీసు దళాధిపతియు కలసి సైనిక మండలిగా ఏర్పడిరి. వారిలో పదాతి సైన్యాధిపతియైన ఆగస్టో పినోచెట్ క్రమముగా సర్వాధికారి యయ్యెను. 1990 మార్చి 11వ తేదీ వఱకు అతని పాలన సాగెను.

శాసనసభను మూసివేసిరి. రాజకీయ పక్షములను అణచివేసిరి. న్యాయస్థానములను మాత్రము మూయలేదు. ఇది గమనింపదగిన సంగతి. తమది చట్టమునకు లోబడిన ప్రభుత్వమని లోకమునకు చూపుకొనుటకు సేనాధిపతులకు న్యాయస్థానములు కావలసియుండెను. లోపల న్యాయము లేకున్నను తలుపు తెఱచియుండుటచేత, అర్జీ తీసికొని ముద్ర వేయు గుమాస్తా ఒకడు అక్కడ కూర్చుండియే యుండెను.

పట్టుకొనిపోయినవారిలో కర్మాగారపు కూలీలు, రైతుకూలీలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు, వైద్యులు, అన్ని తరగతులవారును ఉండిరి. 1974లో డీనా అను రహస్య పోలీసు సంస్థ చట్టరూపము దాల్చినది మొదలు పట్టుకొనిపోవు విధానము మాఱెను. చీటీ లేదు, వారంటు లేదు, సమవస్త్రము లేదు. భార్యలు, తల్లులు ఠాణానుండి ఠాణాకు, సైనిక శిబిరమునుండి ఆసుపత్రికి, ఆసుపత్రినుండి శవాగారమునకు తిరుగుచుండిరి. ఎక్కడికేగినను ఒకటే మాట: "ఆ పేరుగలవానిని మేము నిర్బంధింపలేదు." కొందఱి విషయమున అధికారులు ఇంకొక మెట్టు దిగజారిరి. 1975లో చిలీ ప్రతినిధి ఐక్యరాజ్యసమితిలో లేచి, కనబడుట లేదని మీరు చెప్పు పేర్లలో అనేకములకు చట్టరీత్యా అస్తిత్వమే లేదని పలికెను. అనగా అట్టి మనుష్యులు పుట్టనే లేదని తాత్పర్యము! నవమాసములు మోసి కనిన తల్లి ఆ మాట విని ఏమి చేయవలెను? జనన పత్రము తెచ్చి చూపవలెను. బడిలో చేర్చిన నాటి దాఖలా తెచ్చి చూపవలెను. పాత కాగితములు పెట్టెలో దాచుట ఎందుకని విసుగుకొనువారు ఈ ఘట్టమును ఒకసారి తలచుకొనవలెను.

సైనిక తిరుగుబాటు జరిగిన మఱుమాసమే, 1973 అక్టోబరులో, కతోలిక, లూథరన్, మెథడిస్టు మొదలగు క్రైస్తవ శాఖలవారును యూదు సమాజమువారును కలసి శాంతి సహకార సంఘమని ఒకటి స్థాపించిరి. రెండేండ్లకు పినోచెట్ దానిని మూయుడని శాంటియాగో ప్రధాన మతాచార్యుడైన కార్డినల్ రౌల్ సిల్వా ఎన్రీకెస్‌కు జాబు వ్రాసెను. కార్డినల్ కాదనలేదు; 1975 డిసెంబరు చివర సంఘమును మూసివేసెను. 1976 జనవరి 1వ తేదీన అదే పనిని తన మఠాధికారము క్రింద, తన ప్రధానాలయపు ప్రక్క భవనములోనే, క్రొత్త పేరుతో తెఱచెను. దాని పేరు వికారియా దె లా సోలిదారిదాద్. సంఘీభావ కార్యాలయమని మనము చెప్పుకొనవచ్చును. సంఘమును మూయించుట సులభము, మఠమును మూయించుట కష్టమని ఆ వృద్ధుడు చక్కగా ఎఱిగియుండెను.

ఆ కార్యాలయములో పని జరిగిన తీరు తెలిసికొనదగినది. వచ్చినవారిని మొదట సంఘసేవిక యొకతె కూర్చుండబెట్టి మాట వినును. ఆ తరువాత ప్రశ్నలు. పేరేమి, వయస్సెంత, ఏ నాడు, ఏ వేళ, ఏ వీధిలో, ఎందఱు వచ్చిరి, ఏ బండిలో వచ్చిరి, అప్పుడు తొడిగికొనిన బట్టలేమి, చూచినవారెవరు? ఏడ్చుచున్న తల్లిని చొక్కా రంగు అడుగుట కఠినముగా తోచును. కాని ఎముకలను చూచి బిడ్డను గుర్తింపగల తల్లి లేదు. తన చేతితో కుట్టిన గుండీని గుర్తింపగలదు. "నేను కన్నులార చూచితిని" అన్న మాటను, "చూచినవారు చెప్పగా వింటిని" అన్న మాటను వేఱువేఱుగా వ్రాసికొందురు. వాఙ్మూలము ప్రమాణపూర్వకముగా సంతకమగును. మనిషికొక దస్త్రము, దస్త్రమున కొక కార్డు. తరువాత న్యాయవాది, బందీని న్యాయమూర్తి ఎదుట ప్రవేశపెట్టుడని కోరు హెబియస్ కార్పస్ అర్జీని వ్రాసి న్యాయస్థానమున దాఖలు చేయును.

1973 నుండి 1983 వఱకు ఈ రెండు సంస్థల న్యాయవాదులు ఇట్టి అర్జీలను సుమారు 5,400 దాఖలు చేసిరి. న్యాయస్థానములు అంగీకరించినవి పది. తక్కినవన్నియు త్రోసివేయబడెను.

ఈ అంకెలు చూచిన సంసారి ఎవరైనను, పది కొఱకు అయిదు వేల నాలుగు వందల కాగితములు వ్రాయుట వెఱ్ఱితనము కాదా అని అడుగును. న్యాయవాదులలోనే ఈ మాట తలపునకు రానివాడు ఉండి యుండడు. కాని ప్రతి అర్జీతోడను ఇంకొక కాగితము పుట్టుచుండెను. న్యాయస్థానము మంత్రిత్వశాఖ నడుగును. "అట్టివాడు మా నిర్బంధములో లేడు" అని మంత్రిత్వశాఖ వ్రాతమూలముగా, తేదీ వేసి, సంతకము చేసి జవాబిచ్చును. దానిని నమ్మి న్యాయమూర్తి అర్జీని కొట్టివేయును. బొంకువాడు నోటితో బొంకిన గాలికి పోవును. వ్రాసి సంతకము చేసిన బొంకు దస్త్రములో నిలుచును. అర్జీ త్రోసివేయబడినను, త్రోసివేసిన ఉత్తర్వు మీద న్యాయమూర్తి పేరు కలదు. తమ మీదనే తాము సాక్ష్యము వ్రాసికొనుచున్నామని ఆ కచేరీలవారికి అప్పుడు తోచియుండదు.

ఇట్టి కాగితముల విలువ మొదట బయటపడినది 1975 జులైలో. కనబడకుండ పోయిన 119 మంది పేర్లు విదేశములందు ఊరు పేరు లేని రెండు పత్రికలలో అచ్చుపడెను. ఒకటి అర్జెంటీనాది, ఒకటి బ్రెజిలుది. లేయా అను అర్జెంటీనా పత్రిక ఆ యొక్క సంచికతో పుట్టి ఆ సంచికతోనే అంతరించెను. ఈ 119 మంది దేశము దాటిపోయి, తమలో తాము కలహించుకొనియు, అక్కడి సైన్యముతో పోరాడియు చచ్చిరని ఆ వార్త. చిలీ పత్రికలు దానిని పెద్ద అక్షరములతో తిరిగి అచ్చువేసెను. ఆ జాబితాను చదివిన కుటుంబములవారు నిర్ఘాంతపోయిరి. అయితే వారిలో అనేకుల విషయమున అంతకు పూర్వమే హెబియస్ కార్పస్ అర్జీలు దాఖలై యుండెను. ఈతని శాంటియాగోలో ఫలానా వీధిలో ఫలానా నాడు పట్టుకొనిరి, చూచినవారు వీరు అని ముద్ర పడిన కాగితము చెప్పుచున్నది. జాబితా వెలువడిన పిదప వ్రాసిన కాగితమైనచో కల్పన యనవచ్చును. ముందు నెలల తేదీ ముద్రను ఏమనవలెను? రహస్య పోలీసులే ఆ వార్తను పుట్టించిరని తరువాతి విచారణలలో తేలెను.

ఇక లోంకెన్ సంగతి. శాంటియాగోకు నైరృతి దిశను ఇస్లా దె మైపో అను పల్లెపట్టు కలదు. 1973 అక్టోబరు 7వ తేదీన పోలీసులు అక్కడ పదునేనుగురిని పట్టుకొనిపోయిరి. ఒక యింట తండ్రియు నలుగురు కుమారులును. ఇంకొక యింట తండ్రియు ఇద్దఱు కుమారులును. మఱియొక యింట ముగ్గురన్నదమ్ములు. తక్కిన నలుగురు పడుచువారు. ఎక్కువమంది పొలము పనులవారు. అయిదేండ్లు ఆ యింటి ఆడువారికి జవాబు దొరకలేదు. 1978 నవంబరులో ఒక వృద్ధుడు చర్చివారికి రహస్యముగా ఒక మాట చేరవేసెను: లోంకెన్ కొండ చెంత పాడుపడిన సున్నపు బట్టీలలో మనుష్యుల శవములున్నవి.

ఇక్కడ వికారియావారు చేసిన పని నా దృష్టిలో ఈ కథ యంతటిలో మిక్కిలి తెలివైనది. వారు తొందరపడి కేకలు వేయలేదు. తామొక్కరే పోయి త్రవ్వలేదు. అట్లు చేసినచో, శవములను మీరే తెచ్చిపెట్టితిరని సర్కారువారు అనగలరు. నవంబరు 30వ తేదీన ఒక చిన్న బృందము అక్కడికి వెళ్లెను. అందులో సహాయ బిషప్పు ఎన్రీకె అల్వెయార్ ఉండెను, న్యాయవాదులుండిరి. వారితోపాటు ఓయ్, కె పాసా అను రెండు వారపత్రికల సంపాదకవర్గమువారును ఉండిరి. వీనిలో రెండవది సైనిక ప్రభుత్వమునకు అనుకూలమైన పత్రిక. ఎదుటి పక్షమువాని కంటితో కూడ చూపించిరన్నమాట. చూచిన మఱునాడే, డిసెంబరు 1వ తేదీన, సర్వోన్నత న్యాయస్థానాధ్యక్షునికి వ్రాతమూలముగా నివేదించిరి.

అడోల్ఫో బన్యాదోస్ అను న్యాయమూర్తిని విచారణకు నియమించిరి. రాత్రివేళ బందీలను తీసికొనిపోవుచుండగా ఎవరో దాడి చేసిరి, ఆ కాల్పులలో బందీలందఱు చచ్చిరి అని పోలీసు అధికారి చెప్పెను. చీకటిలో జరిగిన కాల్పులలో బందీలు పదునేనుగురును చచ్చుట, పోలీసులలో ఒక్కనికిని గాయము తగులకుండుట నమ్మదగిన మాట కాదని బన్యాదోస్ వ్రాసెను. నిందితులు పోలీసులు గనుక చట్టప్రకారము దస్త్రము సైనిక న్యాయస్థానమునకు పోయెను. ఆ సైనిక న్యాయస్థానము, 1978 ఏప్రిలులో పినోచెట్ ప్రకటించిన క్షమాభిక్ష చట్టమును చూపి, నిందితులను విడిచిపెట్టెను. 1979 సెప్టెంబరులో అవశేషములను బంధువులకు అప్పగింతుమని చెప్పిరి. వారు శాంటియాగోలోని ఒక చర్చిలో కూడి ఎదురుచూచుచుండగా, అధికారులు ఆ యెముకలను రహస్యముగా ఇస్లా దె మైపో శ్మశానములో ఒకే గోతిలో వేసిరి. మఱుసటి యేడు ఆ సున్నపు బట్టీలను మందుపెట్టి కూల్చివేసిరి.

బట్టీలను కూల్చగలిగిరి కాని, న్యాయమూర్తి వ్రాసిన దస్త్రమును కూల్చలేదు. కనబడకుండ పోయినవారు కల్పిత వ్యక్తులు కారని, వారిని పట్టుకొనిపోయినది పోలీసులేనని, చంపి దాచిరని దేశమంతటికిని మొట్టమొదట రుజువైనది అక్కడనే. 1978లోను 1979లోను వికారియావారు "ఎక్కడ ఉన్నారు?" అను పేరుతో ఏడు సంపుటములు వెలువరించిరి. ఒక్కొక్కరి వివరము ఒక్కొక్క అధ్యాయము. అందు అలంకారములు లేవు, దూషణ లేదు. నాడు, వేళ, వీధి, సాక్షి, న్యాయస్థానపు సంఖ్య, అధికారుల జవాబు: అంతే. కోపముతో వ్రాసిన కరపత్రములు ఆ దినములలో ఎన్నియో పుట్టి ఎన్నియో నశించెను. ఈ పొడి వ్రాతలు మిగిలెను.

వ్రాయనేర్వని స్త్రీలు గుడ్డతో వ్రాసిరి. గోనెపట్ట మీద పాత బట్టల పేలికలు అతికి, వీధిలో ఆగిన పోలీసు బండిని, మూతపడిన కర్మాగారమును, భోజనపు బల్ల వద్ద ఖాళీగా ఉన్న పీటను కుట్టి చూపిరి. అర్పియేరాలని వాని పేరు. మన యిండ్లలో అమ్మమ్మలు బొంతలు కుట్టు పని వంటిదే. వికారియావారు వానిని విదేశములకు పంపి అమ్మించి ఆ కుటుంబములకు కూడు పెట్టిరి. బొంతను చదువనెఱిగిన తనిఖీదారు కచేరీలలో ఉండడు గదా!

ఇంతటి పనిని సర్కారువారు ఊరక చూచుచుండలేదు. వెల చెల్లింపవలసి వచ్చిన దినమును గూర్చి ఇప్పుడు చెప్పవలెను.

1984 ఆగస్టులో వాయుసేన గూఢచారి శాఖకు చెందిన సైనికుడొకడు, తాను చేసిన పనుల భారమును ఇక మోయలేక, ఒక పత్రికా కార్యాలయమునకు తానై వెళ్లి మోనికా గొన్సాలెస్ అను విలేఖరికి అంతయు చెప్పెను. ఎవరిని పట్టుకొనిరి, ఎక్కడ ఉంచిరి, ఎవరు చంపిరి అన్న వివరములు అందులో కలవు. వికారియావారు ఆతడు దేశము దాటుటకు తోడ్పడిరి. ఆ వాఙ్మూలమును పదేండ్లుగా కూర్చిన కార్డులతో పోల్చి చూడవలెను. ఆ పని చేయుచుండినవారిలో ముఖ్యుడు హోసే మాన్యుయెల్ పరాదా. ఆతడు సమాజశాస్త్రజ్ఞుడు, వికారియాలో పత్రముల విశ్లేషణ ఆతని వశమున ఉండెను. ఆతని మిత్రుడు మాన్యుయెల్ గెర్రేరో బడి ఉద్యోగి, ఉపాధ్యాయ సంఘ నాయకుడు. 1976లో తాను స్వయముగా అపహరింపబడి బ్రతికి బయటపడినవాడు.

1985 మార్చి 29వ తేదీ ఉదయమున పరాదా తన కూతును బడిలో దింపుటకు వచ్చెను. గెర్రేరో పని చేయుచుండినది ఆ బడిలోనే. ఇద్దఱును గుమ్మము చెంత మాటలాడుచుండగా సాయుధులు బండిలో వచ్చి వారిని లాగుకొనిపోయిరి. అడ్డువచ్చిన ఉపాధ్యాయుని కడుపులో కాల్చిరి. ఆయన దైవకృప వలన బ్రతికెను. పిల్లలు బడిలో ఉండిరి. మఱునాడు ఊరి వెలుపల బాట ప్రక్కను పరాదా, గెర్రేరో, అంతకు ముందటి దినమున అపహరింపబడిన చిత్రకారుడు శాంటియాగో నత్తీనో, ఈ ముగ్గురి శవములు కంఠములు కోయబడి కనబడెను.

చేతిలో ఆయుధము లేని ఒక గుమాస్తా పనివానిని, కాగితములు సరిపోల్చుకొనువానిని, పట్టపగలు బడి గుమ్మమున ఎత్తుకొనిపోవలసినంత భయము సేనాధిపతుల కెందుకు కలిగెను? ఆ కార్డుల శక్తిని మనకంటె వారే ముందుగా గ్రహించిరి.

ఈసారి విచారణ చేసిన న్యాయమూర్తి హోసే కానోవాస్ వెనుదీయలేదు. 1985 ఆగస్టు తొలి దినములలో ఆయన కారబినేరో దళమువారిపై నేరము మోపగా, ఆ దళాధిపతియు సైనిక మండలి సభ్యుడునైన సీజర్ మెండోసా తన పదవిని వదలుకొనవలసి వచ్చెను. హంతకులకు శిక్ష పడుటకు మాత్రము 1994 వఱకు ఆగవలసివచ్చెను.

వికారియాను పొగడుటయే నా యుద్దేశము కాదు. రక్తపాతపు నేరము మోపబడినవారి పక్షమున వాదింపరాదను నియమము దానికి ఉండెను. చిత్రహింస పొందిన మనిషి ఏ పక్షమువాడైనను మనిషియే గదా అని దానిని తప్పుపట్టినవారున్నారు. అట్టివారి పక్షమున వాదించుటకు ఇతర సంఘములు పుట్టెను. ఆ విమర్శ న్యాయమైనదేనని నాకు తోచుచున్నది. అయితే ఆ నియమమే కార్యాలయమును మూతపడకుండ కాపాడియుండవచ్చును.

కాగితమును కాపాడుట ఎంత ముఖ్యమో, ఎవరికి ఈయరాదో తెలిసికొనుటయు అంతే ముఖ్యము. సైనిక పాలన చివరి దినములలో సైనిక అభియోక్త వికారియాలో చికిత్స పొందినవారి వైద్య దస్త్రములను అప్పగింపుమని ఆజ్ఞాపించెను. అప్పుడు అధిపతిగా ఉన్న బిషప్పు సెర్హియో వలెక్ ఈయనని చెప్పెను. నమ్మి వచ్చి గాయములు చూపిన మనిషి మాట ఆ మనిషిదే; దానిని దాచినవాడు ధర్మకర్త మాత్రమే. చిత్రహింస పొందినవారిని గుర్తించుటకు 2003లో ప్రభుత్వము నియమించిన సంఘమునకు ఈ వలెక్‌నే అధ్యక్షునిగా చేసిరి. ఆ సంఘము 2004, 2005 సంవత్సరములలో 28,459 మందిని బాధితులుగా గుర్తించెను. అయితే ఆ వాఙ్మూలములను అర్ధ శతాబ్దము రహస్యముగా ఉంచవలెనని చట్టము చేసిరి. బాధితుల మర్యాద కొఱకని కొందఱు, నేరస్థుల రక్షణ కొఱకని కొందఱు ఆ చట్టమును గూర్చి వాదించుకొనుచునే యున్నారు.

తప్పు వ్రాసిన కాగితము కలిగించు కీడును ఆ దేశమువారు చూడవలసివచ్చెను. శాంటియాగో సార్వజనిక శ్మశానములో 29వ వాకిలి అను భాగమున పేరులేని సమాధులుండెను. 1991లో అక్కడినుండి 126 శవములు త్రవ్వి తీసి, వానిలో 96 ఫలానావారివని ప్రభుత్వ వైద్యశాఖవారు నిర్ణయించి కుటుంబములకు అప్పగించిరి. కుటుంబములు ఏడ్చి, పూజ చేయించి, పాతిపెట్టుకొనిరి. 2006లో, వానిలో 48 శవముల విషయమున పొరపడితిమని, ఇంకొక 37 సందేహాస్పదములని అదే శాఖ ఒప్పుకొనెను. ఇన్నేండ్లు వెదకి, దొరకెనని ఊరటపడి, అది తన బిడ్డ కాదని మరల విన్న తల్లి దుఃఖమును ఏ మాటతో చెప్పగలము? "చూచితిని", "వింటిని" అను రెండు మాటలను వేఱుగా వ్రాసికొనిన ఆ సంఘసేవికల ఓర్పు విలువ ఇక్కడ తెలియును.

1988 అక్టోబరు 5వ తేదీ ప్రజాభిప్రాయ సేకరణలో పినోచెట్ ఓడిపోయెను. 1990లో క్రొత్త ప్రభుత్వము నియమించిన సత్యశోధన సంఘము, న్యాయవాది రౌల్ రెట్టిగ్ అధ్యక్షతను, తొమ్మిది నెలలలో పని ముగించి 1991 ఫిబ్రవరిలో నివేదిక నిచ్చెను. అందు 2,279 మంది మృతులు బాధితులుగా గుర్తింపబడిరి. అంత స్వల్పకాలమున ఆ పని సాధ్యపడుటకు కారణము, వికారియా దస్త్రములు సిద్ధముగా ఉండుటయే. త్రోసివేయబడిన అర్జీలే గట్టి సాక్ష్యములయ్యెను.

క్షమాభిక్ష చట్టము అడ్డుగోడగా నిలిచియే యుండెను. 1973 సెప్టెంబరు నుండి 1978 మార్చి వఱకు జరిగిన నేరములకు అది వర్తించును. దానిని దాటుటకు న్యాయవాదులు ఒక యుక్తి కనిపెట్టిరి. పట్టుకొనిపోయినట్లు రుజువున్నది, చంపినట్లుగాని విడిచినట్లుగాని రుజువు లేదు. అట్లైన, అపహరణ నేటికిని సాగుచునే యున్నది. సాగుచున్న నేరమునకు 1978తో ముగిసిన క్షమాభిక్ష ఎట్లు వర్తించును? శవమును దాచినవాని తెలివియే వాని మెడకు ఉచ్చయ్యెను. 2004లో సర్వోన్నత న్యాయస్థానము ఈ వాదమును అంగీకరించెను. ఈ వాదమునకు పునాది ఏమి? ఫలానా నాడు పట్టుకొనిపోయిరి అను తొలి అర్జీయే.

డీనా అధిపతి మాన్యుయెల్ కాంట్రెరాస్ 2015లో చనిపోవునాటికి అతనిపై పడిన శిక్షలన్నియు కలసి అయిదు వందల సంవత్సరములను మించెను. పినోచెట్‌ను 1998 అక్టోబరు 16వ తేదీన లండనులో నిర్బంధించిరి. ఆరోగ్య కారణమున 2000లో విడిచిపెట్టిరి. స్వదేశమున ఎన్నియో అభియోగములను ఎదుర్కొని, ఒక్క శిక్షయు పడకుండ 2006 డిసెంబరు 10వ తేదీన మరణించెను. న్యాయము పూర్తిగా జరిగెనని చెప్పుట అసత్యమగును.

వికారియా 1992లో మూతపడెను. దాని పత్రభాండారమును మఠమువారు నేటికిని కాపాడుచున్నారు. 2003లో యునెస్కోవారు చిలీ మానవహక్కుల పత్రములను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చిరి. లోంకెన్ యెముకలు గోతినుండి తీయబడి, పరీక్షింపబడి, 2010లో ఆ కుటుంబములకు చేరెను; పట్టుకొనిపోయిన నాటికి అది ముప్పది యేడవ సంవత్సరము. 2023 ఆగస్టులో చిలీ ప్రభుత్వము కనబడకుండ పోయినవారిని వెదకుటకు జాతీయ ప్రణాళికను ప్రకటించెను. అప్పటి లెక్క ప్రకారము అట్టివారు 1,469 మంది. వారిలో దొరకినవారు, గుర్తింపబడినవారు 307 మంది. తక్కినవారి దస్త్రములు ఆ భాండారమున తెఱచియే యున్నవి. వారి తల్లులలో అనేకులు గతించిరి. ఇప్పుడు మనుమలు వచ్చి ఆ కార్డులు అడిగి చూచుచున్నారు.